గౌతమి మొగలో రెండు రంగుల సైనెకోకాకస్: రంగును బట్టి వంశం చెప్పవచ్చా?

కోరంగి_మడ (కాకినాడ)

సభ్యులందరికీ నమస్కారం. నేను డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్రం చెబుతాను. ఈ వేసవిలో మా విద్యార్థులు భైరవపాలెం దగ్గర గౌతమి మొగలోనూ (గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట), అక్కడి నుంచి పడవ మీద తీరం కనుమరుగయ్యేంత దూరం వెళ్లి సముద్రంలోనూ నీరు పట్టి తెచ్చారు. ఆ నీటిని 0.2 మైక్రాన్ల నల్లటి వడపోత పొర మీద వడకట్టి, ప్రతిదీప్తి (ఫ్లోరసెన్స్) సూక్ష్మదర్శిని కింద ఆకుపచ్చ కాంతి వేసి చూశాము. లోసముద్రపు నీటిలో ఉన్న ఒక మైక్రాను పాటి కణాలన్నీ నారింజ రంగులో వెలిగాయి. మొగ దగ్గరి నీటిలో మాత్రం నారింజ కణాల పక్కనే, అదే పరిమాణంలో, ముదురు ఎరుపుగా వెలిగే కణాలు కూడా గణనీయంగా కనిపించాయి.

రెండూ సైనెకోకాకస్ అనే నీలి ఆకుపచ్చ సూక్ష్మజీవులేనని, నారింజవాటిలో ఫైకోఎరిత్రిన్, ఎరుపువాటిలో ఫైకోసయనిన్ ప్రధాన వర్ణకాలని పిల్లలకు చెప్పాను. అప్పుడు ఒక అమ్మాయి, అయితే ఇవి రెండు వేర్వేరు వంశాలా అని అడిగింది. పాఠ్యపుస్తకంలో ఇంతవరకు లేదు. తెలిసినవారు వివరంగా రాయగలరు.

తరంగదైర్ఘ్యం (విశాఖపట్నం)

మేడమ్, నా పరిశోధన ఈ జీవుల మీదే కనుక కొంత విస్తారంగా రాస్తున్నాను. కాదు, రంగును బట్టి వంశం చెప్పలేము. ఈ జీవుల విషయంలో నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది కూడా అదే.

సైనెకోకాకస్ కణంలో కాంతిని పట్టే యంత్రాంగాన్ని ఫైకోబిలిసోమ్ అంటారు. దాని నడిమి భాగం అల్లోఫైకోసయనిన్ అనే ప్రోటీనుతో తయారవుతుంది. ఆ నడిమి భాగం నుంచి కడ్డీలు బయటికి పొడుచుకుని ఉంటాయి. కడ్డీ మొదట్లో ఫైకోసయనిన్ ఉంటుంది, చివరి వైపు ఫైకోఎరిత్రిన్ ఉండవచ్చు, లేకపోవచ్చు. ఈ ప్రోటీన్లకు అతుక్కుని ఉండే బిలిన్ అణువులే నిజానికి రంగును పీల్చేవి. ఫైకోసయనోబిలిన్ సుమారు 620 నానోమీటర్ల దగ్గర నారింజ-ఎరుపు కాంతిని, ఫైకోఎరిత్రోబిలిన్ సుమారు 550 దగ్గర ఆకుపచ్చను, ఫైకోయూరోబిలిన్ సుమారు 495 దగ్గర నీలి ఆకుపచ్చను పీల్చుకుంటాయి. పట్టిన శక్తి కడ్డీ కొస నుంచి లోపలికి, అంటే తక్కువ తరంగదైర్ఘ్యం నుంచి ఎక్కువ వైపుకు ప్రవహించి, చివరకు పత్రహరితానికి చేరుతుంది. పత్రహరితం నీలాన్నీ ఎరుపునూ బాగా పీల్చి మధ్యలో ఉన్న ఆకుపచ్చను వదిలేస్తుంది కాబట్టి, ఆ ఖాళీని భర్తీ చేయడమే ఈ కడ్డీల ప్రయోజనం.

కడ్డీ నిర్మాణాన్ని బట్టి సముద్రపు సైనెకోకాకస్‌ను మూడు ప్రధాన రకాలుగా విభజించారు. ఒకటో రకంలో ఫైకోసయనిన్ మాత్రమే ఉంటుంది. రెండో రకంలో దానితోపాటు ఒక ఫైకోఎరిత్రిన్, మూడో రకంలో రెండు ఫైకోఎరిత్రిన్లు ఉంటాయి. మొదటి ఫైకోఎరిత్రిన్‌కు ఐదు బిలిన్లు, రెండోదానికి ఆరు బిలిన్లు అతుకుతాయి. మూడో రకంలో యూరోబిలిన్, ఎరిత్రోబిలిన్‌ల నిష్పత్తిని బట్టి ఉపరకాలు ఉన్నాయి. మీరు చూసిన ముదురు ఎరుపు కణాలు చాలావరకు ఒకటో రకం. నారింజవి రెండో రకమో మూడో రకమో సూక్ష్మదర్శినిలో తేలదు.

వంశం సంగతికి వస్తాను. 2007లో 11 సైనెకోకాకస్ జన్యుపటాలను పోల్చి చూసిన అధ్యయనం ఒకటి వచ్చింది. నడిమి భాగపు అల్లోఫైకోసయనిన్ జన్యువుల ఆధారంగా వంశవృక్షం గీస్తే, అది జీవి అసలు వంశవృక్షంతో సరిపోయింది. కడ్డీ చివర ఉండే ఫైకోఎరిత్రిన్ జన్యువులతో గీస్తే సరిపోలేదు. అక్కడ జీవులు వంశం ప్రకారం కాక వర్ణక రకం ప్రకారం గుంపులు కట్టాయి. కడ్డీల జన్యువులు చాలావరకు జన్యుపటంలో ఒకే చోట గుంపుగా ఉంటాయి. ఆ గుంపు మొత్తమో, అందులో కొంత భాగమో ఒక వంశం నుంచి మరో వంశానికి అడ్డంగా బదిలీ అయి ఉంటుందని దీనిని బట్టి ఊహిస్తున్నారు.

ఒక ఉదాహరణ చెబుతాను. ఎర్రసముద్రం నుంచి వేరుచేసిన ఆర్‌ఎస్ 9917, అమెరికాలో లాంగ్ ఐలాండ్ జలసంధి నుంచి తెచ్చిన డబ్ల్యూహెచ్ 5701, రెండూ ఒకటో రకమే. మీ సూక్ష్మదర్శినిలో రెండూ ఒకేలా ఎర్రగా వెలుగుతాయి. అయినా సైనెకోకాకస్ వంశవృక్షంలో మొదటిది 5.1 అనే ఉపసమూహానికి, రెండోది 5.2 అనే ఉపసమూహానికి చెందుతుంది. ఇవి రెండూ ఎంతో కాలం క్రితమే విడిపోయిన శాఖలు. మరోవైపు 5.1 ఉపసమూహం ఒక్కదానిలోనే మూడు రకాల వర్ణకాలూ కనిపిస్తాయి.

ఉప్పు_చెరువు (అంతర్వేది)

అయ్యా, నేను రొయ్యల చెరువుల మనిషిని. మా దగ్గర నీటి రంగే సగం వ్యవసాయం. నీటి తేటదనం కొలవడానికి దించే సెక్కీ పళ్లెం 30 నుంచి 40 సెంటీమీటర్ల లోతులో కనబడకుండా పోతే నీరు బాగున్నట్టు లెక్క, అంతకు ముందే మాయమైతే నాచు ముదిరిందని నీరు మారుస్తాము. అయితే మా లెక్కలో జీవులను బట్టి నీటికి రంగు వస్తుంది. మీరు రాసినది చూస్తే నీటి రంగును బట్టి జీవులు ఉంటాయన్నట్టుగా ఉంది. ఇందులో ఏది నిజం?

కాంతిరేఖ (రాజమహేంద్రవరం)

రెండూ నిజమే. నేను భౌతికశాస్త్రం ఉపాధ్యాయుడిగా విశ్రాంతి తీసుకున్నవాణ్ణి కాబట్టి నీటిలో కాంతి సంగతి వరకు చెబుతాను.

స్వచ్ఛమైన నీరు ఎరుపును త్వరగా పీల్చేస్తుంది, నీలాన్ని లోతుకు పోనిస్తుంది. అందుకే నడిసముద్రంలో వంద మీటర్ల కింద మిగిలేది దాదాపుగా నీలి కాంతే. తీరం దగ్గర వృక్షప్లవకాలు నీలాన్ని తాము వాడుకోవడం వల్ల లోపలికి ఆకుపచ్చ ఎక్కువగా దిగుతుంది. ఇక నదీముఖంలో ఆకులు కుళ్లి కరిగిన పసుపుపచ్చని సేంద్రియ పదార్థం, ఒండ్రు మట్టి కలిసి నీలాన్ని దాదాపు మొత్తంగా, ఆకుపచ్చను కూడా కొంత మింగేస్తాయి. పైన ఉన్న పలుచని పొరలోకి దిగే కాంతిలో నారింజ, ఎరుపు వాటా పెరుగుతుంది. కోరంగి మడ అడవుల కాలువల్లో టీ రంగు నీరు చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

మన గోదావరి మొగలో ఈ మూడింటిలో చివరి రెండు రకాల కాంతీ ఒకే చోట, ఋతువును బట్టి, ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. జూలైలో ఎర్రనీరు దిగినప్పుడు యానాం దగ్గర నీటిలో చెయ్యి పెడితే మణికట్టు కనబడదు. జనవరి దాటాక ధవళేశ్వరం ఆనకట్ట కిందికి మంచినీరు దాదాపు రాదు కాబట్టి, పోటుతోపాటు సముద్రపు నీరు పాయలోకి ఎగదన్ని, నీరు తేటపడి పచ్చగా కనిపిస్తుంది. అందువల్ల 620 దగ్గర పీల్చే కణానికి ఆగస్టులోనూ, 550 దగ్గర పీల్చే కణానికి మార్చిలోనూ అనుకూలంగా ఉండాలని నా అంచనా. 495 దగ్గర పీల్చేవాటికి మొగ ఎప్పుడూ పరాయి చోటే.

తరంగదైర్ఘ్యం (విశాఖపట్నం)

మాస్టారు చెప్పినదానికి ప్రయోగశాలలో ఆధారం ఉంది. ఎరుపు, ఆకుపచ్చ సూక్ష్మ సయనోబాక్టీరియాను (నీలి ఆకుపచ్చ సూక్ష్మజీవులను) కలిపి పెంచిన ప్రయోగం 2004లో ప్రచురితమైంది. ఇక్కడ చెప్పే రంగులు మామూలు వెలుతురులో కనబడేవి, సూక్ష్మదర్శినిలో వెలిగేవి కావు: ఎర్రవాటిలో ఫైకోఎరిత్రిన్, పచ్చవాటిలో ఫైకోసయనిన్ ప్రధానం. ఒక రంగు కాంతి మాత్రమే ఇస్తే ఆ కాంతిని బాగా పీల్చేది రెండోదాన్ని పక్కకు నెట్టేసింది. తెల్లని కాంతి ఇస్తే చెరొక భాగాన్ని పంచుకుని రెండూ నిలిచాయి. బాల్టిక్ సముద్రంలో ఎర్రవీ పచ్చవీ పక్కపక్కనే బతుకుతున్నట్టు కూడా చూశారు. కాబట్టి మేడమ్ గారి మొగ నీటిలో రెండు రంగులూ కలిసి కనబడటం వింత కాదు.

అయితే ఋతువుల అంచనా దగ్గర నాకు ఒక అభ్యంతరం ఉంది. మన నదీముఖంలో కాంతి రంగు ఒక్కటే మారదు, ఉప్పదనం కూడా దాంతోపాటే మారుతుంది. ఎర్రనీరు వచ్చినప్పుడు నీరు చప్పబడుతుంది, తేటపడినప్పుడు ఉప్పబడుతుంది. 5.2 ఉపసమూహంలో ఉప్పదనం తగ్గినా తట్టుకునే జాతులు ఎక్కువ. అమెరికాలోని చెసాపీక్ అఖాతంలో ఈ ఉపసమూహంవే ఫైకోసయనిన్ కణాలు, ఫైకోఎరిత్రిన్ కణాలు రెండూ దొరికాయి. అందువల్ల ఆగస్టులో ఎర్రటి కణాలు పెరిగితే, అది ఎరుపు కాంతి వల్లనా, ఉప్పు తగ్గడం వల్లనా అన్నది లెక్కపెట్టినంత మాత్రాన తేలదు.

రెండింటినీ విడదీయాలంటే ఉప్పగా ఉండి బురదగా ఉన్న నీరు కావాలి. హోప్ ఐలాండ్ లోపల కాకినాడ అఖాతం లోతు తక్కువ కాబట్టి, వేసవిలో గాలి బాగా వీచిన రోజున అడుగు బురద పైకి లేచి, ఉప్పదనం తగ్గకుండానే నీరు మసకబారుతుంది. అక్కడ ఎర్రటి కణాలు ఎక్కువగా ఉంటే కాంతి వాదానికి బలం చేకూరుతుంది.

వేటపడవ (ఓడలరేవు)

చదువుకున్నవారి మధ్య మాట్లాడుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా తాతల కాలం నుంచి వేటకు పోయేవాళ్లం. మార్చి, ఏప్రిల్ నెలల్లో గాలి లేని రోజున సముద్రం మీద రంపపు పొట్టు చల్లినట్టు గోధుమరంగు చారలు మైళ్ల పొడవున తేలుతాయి. చేతిలోకి తీసుకుంటే సన్నని పోగుల్లా ఉంటాయి, ఎండిపోయాక పచ్చబడి వాసన వస్తుంది. మీరు చెబుతున్నవి ఇవేనా?

తరంగదైర్ఘ్యం (విశాఖపట్నం)

అన్నా, అది వాటి బంధువు, ట్రైకోడెస్మియం. అదీ సయనోబాక్టీరియమే కాని పోగులు పోగులుగా పెరుగుతుంది, గాలిలోని నత్రజనిని స్థిరీకరిస్తుంది. పాశ్చాత్య నావికులు కూడా దాన్ని సముద్రపు రంపపు పొట్టు అనే పిలిచారు. దానిలోనూ ఫైకోఎరిత్రిన్ ఉంది, అందులో యూరోబిలిన్ కూడా ఉంది, కాబట్టే పైపైన తేలినప్పుడు గోధుమ-ఎరుపుగా కనబడుతుంది. మేము మాట్లాడుకుంటున్న సైనెకోకాకస్ కంటికి కనబడదు. ఒక మిల్లీలీటరు నీటిలో వేలాది కణాలు ఉన్నా నీరు తేటగానే ఉంటుంది. అందుకే అది సముద్రంలో ఉందన్న సంగతి 1979 దాకా ఎవరికీ తెలియలేదు.

పరిశోధక_విద్యార్థి (అమలాపురం)

ఒక సందేహం. ఒకే కణం తన రంగు మార్చుకోగలదని ఎక్కడో చదివాను. అదే నిజమైతే రంగును బట్టి వంశమే కాదు, రకం కూడా చెప్పలేము కదా?

తరంగదైర్ఘ్యం (విశాఖపట్నం)

మంచి ప్రశ్న. సయనోబాక్టీరియా కాంతి రంగును బట్టి తమ రంగు మార్చుకుంటాయని 1902లోనే గైదుకోవ్ అనే శాస్త్రవేత్త రాశాడు. ఫ్రెమియెల్లా వంటి జాతుల్లో ఆ మార్పు ఆకుపచ్చకూ ఎరుపుకూ మధ్య జరుగుతుంది. ఆకుపచ్చ కాంతిలో ఫైకోఎరిత్రిన్‌ను, ఎరుపు కాంతిలో ఫైకోసయనిన్‌ను కణం ఎక్కువగా తయారు చేసుకుంటుంది. అంటే ప్రోటీన్లే మారతాయి.

సముద్రపు సైనెకోకాకస్‌లో 2001లో వెల్లడైన మార్పు వేరే తీరుది. అది నీలానికీ ఆకుపచ్చకూ మధ్య జరుగుతుంది, ప్రోటీన్లు మారవు. రెండో ఫైకోఎరిత్రిన్ మీద కొన్ని నిర్దిష్ట స్థానాల్లో అతికే బిలిన్ మాత్రమే మారుతుంది. నీలి కాంతిలో ఆ స్థానాల్లో యూరోబిలిన్, ఆకుపచ్చ కాంతిలో ఎరిత్రోబిలిన్ ఉంటాయి. కాంతి రంగు మార్చిన కొద్ది రోజుల్లో 495, 545 నానోమీటర్ల దగ్గర కొలిచే నిష్పత్తి రెట్టింపునకు పైగా మారుతుంది.

దీనికి కావలసిన జన్యువులు ఒక చిన్న జన్యుద్వీపంలో, అంటే జన్యుపటంలో విడిగా గుంపుగా ఉండే భాగంలో ఉంటాయి. ఆ ద్వీపం రెండు రూపాల్లో దొరికింది. ‘ఏ’ (A) అనే రూపంలో ఎంపీఈ-జడ్ అనే ఎంజైము జన్యువు ఉంటుంది. నీలి కాంతిలో ఆ ఎంజైము ఎరిత్రోబిలిన్‌ను ప్రోటీనుకు అతికిస్తూనే దాన్ని యూరోబిలిన్‌గా మార్చేస్తుంది. ‘బీ’ (B) రూపంలో దాని స్థానంలో ఎంపీఈ-డబ్ల్యూ ఉంటుంది, అది చేసేది అందుకు ఎదురు పని. ఆకుపచ్చ కాంతిలో ఎరిత్రోబిలిన్‌ను మార్చకుండా ఉన్నది ఉన్నట్టుగా అతికిస్తుంది. చివరకు కనబడే ఫలితం రెండింటిలోనూ ఒకటే. వేర్వేరు దారుల్లో ఒకే గమ్యానికి రావడం చూస్తే, ఈ గుణం సముద్రంలో ఎంత విలువైనదో అర్థమవుతుంది.

టారా ఓషన్స్ యాత్రలో సేకరించిన సముద్రజలాల డీఎన్‌ఏను విశ్లేషించి 2018లో ప్రచురించిన లెక్క ప్రకారం, సముద్రాల్లోని సైనెకోకాకస్‌లో 40 శాతానికి పైగా ఈ రంగు మార్చుకునే రకమే. చల్లని, పోషకాలున్న జలాల్లో ‘ఏ’ రూపం, వెచ్చని జలాల్లో ‘బీ’ రూపం ఎక్కువ. ఈ ద్వీపాలు కూడా వంశానికి కట్టుబడి లేవు. ఒకే శాఖలో ద్వీపం ఉన్నవీ లేనివీ ఉన్నాయి, ఉండి కూడా చెడిపోయి పనిచేయనివీ ఉన్నాయి.

మీ అసలు సందేహానికి వస్తే, ఈ మార్పు నీలం-ఆకుపచ్చల మధ్యే కాబట్టి నారింజగా వెలిగే కణం ముదురు ఎరుపుగా మారిపోదు. మేడమ్ గారి రెండు గుంపుల విభజన చెల్లుతుంది. నారింజ గుంపులోని ఉపరకాలు మాత్రం రంగుతో తేలవు, జన్యువులు చదవాల్సిందే.

కాంతిరేఖ (రాజమహేంద్రవరం)

జన్యువులు అడ్డంగా బదిలీ అవుతాయంటున్నారు. ఒక కణంలోది మరో కణంలోకి ఎవరు మోసుకుపోతారు? వీటిని పట్టే వైరస్‌లేనా?

తరంగదైర్ఘ్యం (విశాఖపట్నం)

వైరస్‌ల మీద అనుమానం బలంగానే ఉంది మాస్టారూ. సైనెకోకాకస్‌ను పట్టే వైరస్‌లో కిరణజన్య సంయోగక్రియకు చెందిన జన్యువు ఉందని 2003లో తేలింది. ఆ తర్వాత ప్రోక్లోరోకాకస్‌ను పట్టే ఒక వైరస్‌లో పీఈబీ-ఎస్ అనే జన్యువు దొరికింది. కణం రెండు ఎంజైములతో రెండు మెట్లలో చేసే ఎరిత్రోబిలిన్ తయారీని ఆ వైరస్ ఎంజైము ఒక్కటే చేసేస్తుంది. అయితే వైరస్ దగ్గర ఒక వర్ణక జన్యువు ఉన్నంత మాత్రాన కడ్డీ జన్యువుల గుంపు మొత్తాన్ని అదే మోసిందని తీర్పు ఇవ్వడం తొందరపాటు. బదిలీ జరిగిందనడానికి వంశవృక్షాల తేడా సాక్ష్యం. మోసినవారెవరన్నది వేరే విచారణ.

గోదారి_గట్టు (యానాం)

ప్రోక్లోరోకాకస్ అని ఒక పేరు మధ్యలో వచ్చింది. అది ఈ కథలో ఎక్కడ ఉంటుంది?

తరంగదైర్ఘ్యం (విశాఖపట్నం)

అది ఉన్నవాటిని వదులుకున్న శాఖ. 1988లో చిషోమ్, ఓల్సన్ బృందం ఫ్లో సైటోమీటరుతో (కణాలను ఒక్కొక్కటిగా లేజరు ముందు నుంచి పోనిచ్చి లెక్కపెట్టే యంత్రంతో) దాన్ని కనిపెట్టింది. 40 డిగ్రీల ఉత్తర, దక్షిణ అక్షాంశాల మధ్య పోషకాలు తక్కువైన సముద్రమంతటా అదే ఉంటుంది. ప్రపంచం మొత్తం మీద సైనెకోకాకస్ కణాలు సుమారు 7×10^26 అయితే, ప్రోక్లోరోకాకస్ సుమారు 2.9×10^27 అని 2013 నాటి అంచనా. అది సైనెకోకాకస్‌కు అతి దగ్గరి బంధువు, అయినా ఫైకోబిలిసోమ్‌ను పూర్తిగా విడిచిపెట్టింది. ఫైకోబిలిసోమ్ ఉన్న కణాల్లో కరిగే ప్రోటీనులో సగం దాకా అదే ఉండగలదు కాబట్టి, నత్రజని దొరకని చోట దాన్ని పోషించడం భారం. దాని బదులు ప్రోక్లోరోకాకస్ డైవినైల్ పత్రహరితాలను, పీసీబీ అనే చిన్న ప్రోటీన్లను వాడుతుంది. ఇవి నీలి కాంతిని పట్టడంలో దిట్టలు.

ఇక్కడా జన్యువైవిధ్యం ఉంది. పైనీటిలో ఎండకు అలవాటుపడిన మెడ్ 4 రకానికి పీసీబీ జన్యువు ఒక్కటే. లోతులో మసక వెలుతురులో బతికే ఎస్‌ఎస్ 120కి ఎనిమిది. అదే ఎస్‌ఎస్ 120లో పాత ఫైకోఎరిత్రిన్ జన్యువుల అవశేషం ఇంకా ఉంది, మెడ్ 4లో అది మరీ శిథిలమై మిగిలింది. గౌతమి మొగలో దీని కోసం వెతకడం దండగ. కావాలంటే లోసముద్రానికి వెళ్లాలి.

కోరంగి_మడ (కాకినాడ)

అందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడు పిల్లలతో ఏం చేయించాలో కొంత స్పష్టత వచ్చింది. యానాం, భైరవపాలెం, కాకినాడ అఖాతం, బయటి సముద్రం, ఈ నాలుగు చోట్లా ఎర్రనీటి కాలంలో ఒకసారి, వేసవిలో ఒకసారి నీరు పట్టించి, ఉప్పదనం, సెక్కీ లోతు, రెండు రంగుల కణాల లెక్క రాయిస్తాను. వేరే సంస్థలో ఫ్లో సైటోమీటరు ఉంది, అడిగితే వాడుకోనిస్తారేమో. అది మేలా, మా సూక్ష్మదర్శిని మేలా?

తరంగదైర్ఘ్యం (విశాఖపట్నం)

అందులో ఎరుపు లేజరు ఉందో లేదో ముందు కనుక్కోండి. చాలా యంత్రాల్లో 488 నానోమీటర్ల నీలి లేజరు ఒక్కటే ఉంటుంది. దానితో ఫైకోఎరిత్రిన్ కణాలు చక్కగా లెక్కకు వస్తాయి. ఫైకోసయనిన్ మాత్రమే ఉన్నవి సరిగా ప్రేరేపితం కాక, ఇతర సూక్ష్మ ప్లవకాల్లో కలిసిపోతాయి. నదీముఖాల లెక్కల్లో ఒకటో రకం చాలాకాలం కనబడకపోవడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం. 640 ప్రాంతపు ఎరుపు లేజరు కూడా ఉంటేనే వెళ్లండి, లేకపోతే ఆకుపచ్చ కాంతి వేసే మీ సూక్ష్మదర్శినే నమ్మదగినది.

జన్యువుల కోసం అదే నీటిలో కొంత విడిగా వడకట్టి పొరను అతిశీతలంలో ఉంచండి. వంశం తెలియడానికి పెట్-బీ జన్యువును, వర్ణక రకం తెలియడానికి సీపీసీ-బీఏ జన్యువులను చదవాలి. రెండూ ఒకే నీటి నుంచి రావాలి, లేకపోతే మీ విద్యార్థిని అడిగిన ప్రశ్నకు జవాబు రాదు.

ఉప్పు_చెరువు (అంతర్వేది)

ఎర్రనీటి కాలంలో యానాం నీటిని 0.2 పొర మీద పోస్తే గ్లాసుడు కూడా దిగదండి. మా చెరువు నీటికే పొర మూసుకుపోతుంది.

తరంగదైర్ఘ్యం (విశాఖపట్నం)

నిజమే. ముందు 3 మైక్రాన్ల పొర మీద వడకట్టి, దిగిన నీటిని 0.2 మీద పోయాలి. అలా చేస్తే మట్టి రేణువులకు అంటుకున్న కణాలు పై పొరలోనే ఆగిపోతాయి, ఎర్రనీటిలో అలాంటివి తక్కువేమీ ఉండవు. అందుకని పై పొరను పారేయకుండా దాన్నీ విడిగా భద్రపరచి, ఎంత నీరు పోశారో దాని మీదే రాసి ఉంచండి.